రేవులో గోదారి, లాకు దాటితే మురుక్కాలవ

2027లో గోదారి పుష్కరాలు. మా వైపు ఇప్పటినుంచే ఎక్కడ నలుగురు కూర్చున్నా అదే కబురు. ఏ రేవుకి ఎంత వస్తుంది, ఏ ఘాటుకి టైల్స్ వేస్తారు, శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుంటుంది. ఘాట్లు బాగుచేయొద్దని నేననను. 2015లో రాజమండ్రిలో మొదటిరోజే తొక్కిసలాటలో పాతికమందికి పైగా పోయారు, ఆ పొద్దున టీవీ ముందు కూర్చున్నవాళ్ళెవరూ మర్చిపోలేరు. నా ఏడుపు వేరే.

గోదాట్లో మునిగితే పాపం పోతుందని నమ్మే మనమే, అదే గోదారి ధవళేశ్వరం దాటి మన వీధి పక్కకి కాలవై వచ్చేసరికి చెత్త కవర్లో మూటగట్టి అందులోకి విసురుతాం. 1852లో ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో ఏ పంట కాలవలో దోసిలి పట్టినా వచ్చేది గోదారి నీళ్ళే. కాటన్ దొర విగ్రహానికి ఊరూరా దండలేస్తాం, ఆయన తవ్వించిన కాలవలో మాత్రం పిల్లల డైపర్లు పారేస్తాం. సినిమాలో లొల్ల లాకులు కనబడితే "మా కోనసీమండీ" అని పొంగిపోతాం. కిందికి వెళ్ళి తూము దగ్గర నిలబడి చూడండి ఒకసారి.

నేను చూశాను. మా దగ్గరి లాకుల మీద ఒక లస్కరు ఉన్నారు, కాలవ తలుపులు ఎత్తి దించే మనిషి. వెదురు గడకి కొక్కెం కట్టుకుని, తూముకి అడ్డంపడిన గుర్రపుడెక్క లాగుతుంటారు. డెక్కతో పాటు గట్టుమీదకి వచ్చేది తెల్ల ప్లేట్లు. ఒకదానికొకటి అతుక్కుని, నాని, బరువెక్కి. ఇంకా పచ్చగా మరక ఉంది. అది అన్నసమారాధన పులిహోరదో, ప్రేమవిందు బిర్యానీదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆయన అన్నమాట: "మామూలప్పుడు సోమారం, కార్తీకమాసంలో అయితే మంగళారం కూడానండి, నాకు చేతినిండా పని. ఆయ్." ఆదివారం చర్చిలో విందులు, కార్తీక సోమవారం గుళ్ళో సంతర్పణలు. రెండూ మర్నాటికి ఆ తూము దగ్గరికే చేరతాయి.

దీనివల్ల ఎవరికి నష్టం? పైన ఉన్నవాళ్ళకి కాదు. కాలవ చివరన ఉన్న శివారు ఊళ్ళకి. అంతర్వేది వైపు, కాట్రేనికోన వైపు, మొగల్తూరు వైపు చాలా ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పునీళ్ళు. వేసవిలో కాలవలు కట్టేసేముందు మంచినీళ్ళ చెరువు నింపుకుంటే, మళ్ళీ జూన్‌లో వదిలేదాకా అవే తాగాలి. ఎగువన ఇన్ని ఊళ్ళు కడుక్కున్న నీళ్ళు ఆ చెరువులో పడతాయి. డబ్బున్నవాళ్ళు వాటర్ టిన్ను తెప్పించుకుంటారు. పాలెంలో వేటకి వెళ్ళేవాళ్ళు, పేటలో కూలికి వెళ్ళేవాళ్ళు కూడా ఇప్పుడు టిన్ను కొంటున్నారు, కాకపోతే కూలి డబ్బుల్లోంచి. పుణ్యం ఎగువ వాళ్ళకి, ఖర్చు దిగువ వాళ్ళకి.

అధికారులు చేయాల్సింది ఉంది, నిజమే. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, అలంకరణకి వాడే థర్మాకోల్ 2022 జూలై నుంచీ దేశమంతా నిషేధం. మన సంతలో అడిగితే డజన్ల లెక్కన ఇస్తారు. కాబట్టి జీవోల మీద నాకు ఆశ లేదు. స్వచ్ఛత ర్యాలీల మీద అసలే లేదు, ర్యాలీ అయ్యాక వాటర్ ప్యాకెట్లు ఏరేవాడు ఉండడు.

నాకు కాస్త ఆశ పుట్టించినవి రెండే. మాకు దగ్గర్లోని ఒక చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు, ఈస్టరు ముందొచ్చే శ్రమల కాలంలో ఉపవాసాలతో పాటు ఇంకొకటి నిర్ణయించుకున్నారు. ప్రేమవిందుకి ఎవరి కంచం వాళ్ళే తెచ్చుకోవాలి. మొదట్లో మగవాళ్ళు సణిగారట, కంచం పట్టుకుని రోడ్డు మీద నడవడం నామోషీ అని. ఇప్పుడు ఎవరూ ఏమీ అనడం లేదు, తెచ్చుకోనివాళ్ళకి వడ్డించరు కాబట్టి. దాన్ని చూసి పక్క ఊరి శివాలయం వాళ్ళు మళ్ళీ అరటాకుల్లోకి వచ్చారు. రావులపాలెం అరటి మార్కెట్‌ని పక్కన పెట్టుకుని, ఎక్కణ్ణుంచో లారీలో వచ్చిన ప్లేట్లలో తింటున్నాం కదా ఇన్నేళ్ళూ, దీన్నేమనాలి?

భక్తితో చెబితే మనవాళ్ళు వింటారు, అందులో నాకు అనుమానం లేదు. కనుమ నాడు మన కోనసీమలో జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద వస్తారు. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలవలో పీకల్లోతు నీళ్ళు దాటి, పచ్చటి చేలకి అడ్డంపడి వెళతాయి. పైరు తొక్కారని ఏ రైతూ గొడవపడడు, స్వామి నా చేలోంచి వెళ్ళాడని సంతోషిస్తాడు. అంత వదులుకోగల మనుషులు ఒక థర్మాకోల్ ప్లేటు వదులుకోలేరా?

"ప్లేట్లదేముంది, అసలు విషం రొయ్యల చెరువులది" అని ఇక్కడ ఎవరో ఒకరు అంటారు. నిజమే, ఒప్పుకుంటాను. మరి ఆ మాట గుళ్ళో ఎందుకనరు? వనామి రొయ్యల చెరువులో నీళ్ళు మార్చాల్సి వచ్చినప్పుడు రాత్రిపూట ఇంజను పెట్టి పంట కాలవలోకి తోడేస్తున్న సంగతి ఊళ్ళో తెలియనిదెవరికి? పక్క చేలో వరి ఎర్రబడుతోంది, కొబ్బరి మొవ్వు మాడిపోతోంది. తెల్లారి అదే ఆసామి పేరు గాలిగోపురం దాతల బోర్డులో మొదటి వరసలో ఉంటుంది. చర్చికి కొత్త మైకుసెట్టు ఇచ్చిందీ ఆయన తమ్ముడే. ఇక పంతులుగారు ఏం మాట్లాడతారు, పాస్టరుగారు ఏం మాట్లాడతారు?

మాట్లాడినవాళ్ళు లేకపోలేదు. తమిళనాడులో జగన్నాథన్ అనే సర్వోదయ పెద్దాయన, వినోబా భావే భూదానంలో నడిచిన మనిషి. రొయ్యల చెరువులతో తీరం ఊళ్ళ నీళ్ళు, పొలాలు ఉప్పుబారుతుంటే సత్యాగ్రహానికి దిగారు, సుప్రీంకోర్టుకీ వెళ్ళారు. 1996 డిసెంబరులో తీర్పు వచ్చింది. తీర నియంత్రణ పరిధిలో, సంప్రదాయ సాగు తప్ప మిగతా రొయ్యల చెరువులు తీసేయాలని, సాగుభూముల్ని చెరువులుగా మార్చొద్దని. అది మన తీరానికీ వర్తించిన తీర్పే. 2005లో కొత్త చట్టం తెచ్చి ఆ కట్టడిని సడలించారనుకోండి, అది వేరే కథ. కోర్టు సంగతి అలా ఉంచితే, ఆయన చేసింది ప్రార్థనలు, ఉపవాసాలు, పాదయాత్రలే. మన దగ్గర కొరత ఉన్నవి కావవి.

మా గుడి కమిటీలో నేనూ ఒకణ్ణి. మొన్న మీటింగులో ఒక మాట పెట్టాను. ఈసారి ఉత్సవాల చందా పుస్తకం పట్టుకుని చెరువుల ఆసాముల ఇళ్ళకి వెళ్ళినప్పుడు, నీళ్ళు ఎటు వదులుతున్నారని ముందు అడుగుదాం, కాలవలోకైతే చందా వద్దందాం అని. ఇద్దరు సరేనన్నారు. ప్రెసిడెంటుగారు "చూద్దాంలేండి" అన్నారు. మిగతావాళ్ళు టీ తాగేసి, గ్లాసులు కిటికీలోంచి కాలవలోకి విసిరి వెళ్ళారు.