కుండీ మట్టికి గడువు తేదీ లేదు

ఏటా ఏప్రిల్ చివర్లో, టమాట మొక్కలు ఎండిపోయి మిద్దె మీద కుండీలు బోసిపోయే వేళకు ఒక సందేశం ఫోనులో వచ్చి పడుతుంది. ఈసారి నాకు నలుగురు పంపారు. అందులో ఉన్నది ఇంతే: “కుండీ మట్టి ఒక్క పంటకే పనికొస్తుంది. పంట తీయగానే సారమంతా అయిపోతుంది. పాత మట్టిలో వైరస్ దాగి ఉండి కొత్త మొక్కలకు సోకుతుంది. మట్టి గట్టిపడి చచ్చిపోతుంది. పైన తెల్లటి పొర కనిపిస్తే అది విషం. పాతదే వాడక తప్పదంటే బ్లీచింగ్ పౌడర్ కలపండి.”

పంపిన నలుగురిలో దేవరకొండలో ఉండే మా చిన్నమ్మ ఒకరు. పంపడంతో ఆగలేదు, పన్నెండు కుండీల మట్టిని కాలువ పక్కన పోయించింది. ముందే తెలిసి ఉంటే ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెళ్లి నల్లగొండకు తెచ్చుకునేదాన్ని.

సారం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే ఇది లెక్కకు అందే విషయం. ఒక టమాట మొక్క మూడు కిలోల కాయ ఇచ్చిందనుకుందాం. (మా మిద్దె మీద అంత ఇచ్చిన మొక్కకు దండం పెడతాను.) అది మట్టిలోంచి తీసుకునే నత్రజని సుమారు ఏడెనిమిది గ్రాములు. వర్మీకంపోస్టులో నత్రజని కనీసం ఒక శాతం ఉండాలన్నది ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోని నిబంధన. అంటే కిలోకు 10 గ్రాములు. అదంతా ఒక్క పంటకే అందదు, మెల్లగా విడుదలవుతుంది కనుక ఇరవై లీటర్ల కుండీకి రెండు కిలోలు వేస్తాను, రెండు గుప్పెళ్ల వేపపిండి కలుపుతాను. భాస్వరం మట్టిని అంటిపెట్టుకునే ఉంటుంది, అంత తొందరగా తరగదు. పోయేవి ముఖ్యంగా నత్రజని, పొటాష్. వాటిలో మొక్క తిన్నది కొంత, మనం పోసిన నీటితో అడుగు రంధ్రంలోంచి కారిపోయింది కొంత. తరిగినదాన్ని తిరిగి వేస్తే సరిపోయేదానికి మొత్తం మట్టినే పారబోయడం, ఉప్పు తక్కువైందని పప్పు గిన్నెను బోర్లించడం లాంటిదే.

అలాగని, ఈ సందేశాన్ని ఖండించేవాళ్లు తరచుగా చేసే వాదనను కూడా నేను ఒప్పుకోను. “రైతు ఏటా పొలాన్ని పారేస్తున్నాడా?” అని అడుగుతారు. పారేయడు, నిజమే. కానీ మన చల్క (ఎర్ర ఇసుక) నేలల్లో రైతు ఊరికే కూర్చోడు. చెరువు పూడిక మట్టి తోలుకుంటాడు. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలైనప్పుడు ట్రాక్టర్లు వరుస కట్టింది అందుకే. పైగా పొలానికి లోతు ఉంది, వాన ఉంది, వానపాములున్నాయి. కుండీ మూసిన డబ్బా. అందులోకి మనం వేసిందే వస్తుంది, మనం పోసిన నీళ్లే వస్తాయి. కాబట్టి పాత మట్టిని ఏమీ చేయకుండా వాడవచ్చని నేను అనడం లేదు.

వైరస్ మాట చాలావరకు తప్పు. మన మిద్దెల మీద తరచుగా కనిపించే బెండలో పల్లాకు తెగులు, టమాట, మిరపలో ఆకుముడత తెచ్చే వైరస్‌లను మోసేది తెల్లదోమ. అవి మట్టిలోంచి రావు. నిరుడు బెండ ఆకులు పసుపుపచ్చగా మారిన కుండీలోనే ఈ ఏడు గోంగూర పెట్టాను, హాయిగా వచ్చింది. మట్టి మార్చి తెల్లదోమను వదిలేస్తే కొత్త మట్టిలోనూ అదే తెగులు వస్తుంది.

కానీ మట్టిలో నిజంగా దాగి ఉండేవి వేరే ఉన్నాయి. సందేశం రాసినవారు వాటి పేరే ఎత్తలేదు. ఒకటి వడలు తెగులు. ఉదయం పచ్చగా ఉన్న వంగ మొక్క మధ్యాహ్నానికి వాలిపోతుంది, నీళ్లు పోసినా లేవదు. అలాంటి మొక్క కాండాన్ని కోసి, కోసిన కొనను గాజు గ్లాసులోని మంచినీళ్లలో ఉంచండి. కొద్ది నిమిషాల్లో పాలలాంటి తెల్లటి ధార కిందికి దిగితే అది బ్యాక్టీరియా వల్ల వచ్చిన వడలు తెగులు. ఆ ఒక్క కుండీ విషయంలో మాత్రం సందేశం చెప్పినట్టే చేయండి, మట్టి తీసేయండి. రెండేళ్ల కిందట నేను పిసినారితనానికి పోయి అలాంటి మట్టిని మరో మూడు కుండీల్లో సర్దాను. మూడింటిలోనూ టమాట పోయింది.

రెండోది వేరుబుడిపెల నులిపురుగు. మొక్క పీకితే వేర్ల మీద ముడులు ముడులుగా కనిపిస్తాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. చిక్కుడు, బొబ్బర మొక్కల వేర్ల మీద ఉండే బుడిపెలు రోగం కాదు, నత్రజనిని పట్టి ఇచ్చే రైజోబియం అనే బ్యాక్టీరియా ఇళ్లు. గోటితో గీకితే ఊడి వచ్చి, చిదిమితే లోపల గులాబీ రంగు కనిపిస్తే అవి మంచివి. నులిపురుగు బుడిపె వేరులో భాగంగానే ఉబ్బుతుంది, ఊడదు. చిక్కుడు కుండీ మట్టిని రోగమనుకుని పారేసినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అన్నిటికంటే మంచి మట్టి అదే!

నులిపురుగుకు మందు మన దగ్గర ఊరికే దొరుకుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండే. మట్టిని జల్లించి, వేర్లు ఏరేసి, ముద్ద కట్టేంత తడి చేసి, పారదర్శకమైన పాలిథిన్ సంచిలో పలుచగా నింపి మూతి కట్టి మిద్దె మీద పరచండి. నల్ల కవరు వద్దు, అది పైపైనే వేడెక్కుతుంది, లోపలి మట్టికి అంత వేడి చేరదు. తడి కూడా ముఖ్యం, పొడి మట్టిలో వేడి సరిగా పాకదు. నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే నులిపురుగులు, చాలా రకాల శిలీంధ్రాలు, కలుపు విత్తనాలు కూడా చస్తాయి. అనుమానం తీరని కుండీలో జూలైలో బంతి నారు పెడతాను. బంతి వేర్లలో నులిపురుగుకు గిట్టని పదార్థం ఉంటుంది. పూలు బతుకమ్మకు అందుతాయి.

మట్టి గట్టిపడటం నిజం, చచ్చిపోవడం అబద్ధం. కంపోస్టు, కొబ్బరి పొట్టు మెల్లగా కుళ్లి కరిగిపోతాయి, అందుకే కుండీలో మట్టి మట్టం దిగుతుంది. మిగిలిన ఎర్రమట్టి సన్నని రేణువులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. గడ్డలు చిదిమి, మట్టిలో మూడో వంతు కొబ్బరి పొట్టు కలిపితే మళ్లీ గాలి ఆడుతుంది. మిర్యాలగూడ వైపు వాళ్లకు రైస్ మిల్లుల ఊక చవకగా దొరుకుతుంది కానీ పచ్చి ఊక గుప్పెడు రెండు గుప్పెళ్లకు మించకూడదు. అది కుళ్లేటప్పుడు మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటుంది.

ఇక తెల్లటి పొర. అది బోరు నీళ్లలోని లవణాల పొర. మన జిల్లా బోర్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. అలాంటి నీళ్లలో సాధారణంగా సోడియం, బైకార్బనేట్లు ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉంటాయి. మట్టి రేణువులను విడగొట్టి అట్టకట్టించేది ఆ సోడియమే. కాబట్టి గట్టిపడటానికీ ఈ పొరకూ మూలం చాలావరకు ఒకటే, అది మనం పోసే నీరు. కొత్త మట్టి తెచ్చి అవే నీళ్లు పోస్తే వచ్చే వేసవికి అదే పొర వస్తుంది. పై పొరను అంగుళం మేర గీకి తీసేయండి. కుండీకి గుప్పెడు జిప్సం కలపండి, అందులోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియంను విడిపిస్తుంది. తర్వాత కుండీ పరిమాణానికి రెండింతల నీళ్లు అడుగు నుంచి కారిపోయేలా పోయాలి. మే నెలలో నల్లాలో వచ్చే మిషన్ భగీరథ తాగునీళ్లు అలా పోస్తే ఇంట్లోవాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. మృగశిర కార్తె వానల్లో ఖాళీ కుండీలను ఆరుబయట వదిలితే ఆ పని ఉచితంగా అవుతుంది.

బ్లీచింగ్ పౌడర్ సలహా గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. అది సున్నం, క్లోరిన్‌ల సరుకు. ఇలాంటి బోరు నీళ్లు పోసిన మట్టికి అసలే క్షారగుణం ఎక్కువ. మేలు చేసే సూక్ష్మజీవులను కూడా చంపుతుంది. బాత్‌రూమ్ కడగడానికి ఉంచుకోండి.

ఎరువు ఎప్పుడు వేయాలన్నది మాత్రం చాలామంది తప్పు చేసే చోటు. ముందు ఎండ, తర్వాత వాన, ఆ తర్వాతే ఎరువు. వానకు ముందే వేస్తే నత్రజని కాలువ పాలు. ఎండకు ముందు ట్రైకోడెర్మా (తెగుళ్లు తెచ్చే శిలీంధ్రాలను అణిచే మేలు శిలీంధ్రం) కలిపితే అది కూడా ఆ వేడికి చస్తుంది. కిలో మాగిన పశువుల ఎరువులో ఇరవై గ్రాముల ట్రైకోడెర్మా, కాస్త వేపపిండి కలిపి, తడి ఆరకుండా గోనెసంచి కప్పి, నీడలో వారం పది రోజులు ఉంచి అప్పుడు మట్టిలో కలుపుతాను. టమాట, వంగ, మిరప ఒకే కుటుంబం కనుక నిరుడు అవి పెరిగిన కుండీల్లో ఈసారి బెండ, తోటకూర, బొబ్బర పెడతాను.

చిన్నమ్మకు ఫోను చేసి ఇదంతా చెప్పాను. కాలువ పక్కన పోసిన మట్టి కుప్ప ఇంకా అక్కడే ఉందట, దాని మీద ఎవరూ వేయని గుమ్మడి తీగ ఒకటి మొలిచిందట.