ఫ్రీ షిప్పింగ్ గారికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఫ్రీ షిప్పింగ్ గారికి,

ఉభయకుశలోపరి. డాలస్ శివార్లలో మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు, రోజూ మా గుమ్మంలో మీ అట్టపెట్టెలు తన్నుకుని పడుతూనే ఉన్నాం. మా ఇంటికి పాతిక నిమిషాల దూరంలో ఉన్న హోంబ్రూ కొట్టు మాత్రం పోయిన నెల కాలం చేసింది. ఇంట్లో బీరు కాచుకునే నాలాంటి వాళ్ళకి మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), హాప్స్ (బీరుకి చేదిచ్చే పూలు), ఈస్టు, గొట్టాలు, బిరడాలు అమ్మే కొట్టు. ఆ పుణ్యంలో మీ వాటా ఎంతో, నా వాటా ఎంతో లెక్క తేల్చుకుందామని ఈ ఉత్తరం.

ముందు మీకు అభినందనలు. 1920లో అమెరికా ప్రభుత్వం దేశమంతా మద్యం నిషేధించి, 13 ఏళ్ళ పైచిలుకు వెంటపడి కూడా ఈ బేరాన్ని చంపలేకపోయింది. మాల్టు పాకం డబ్బాల్లో పోసి, రొట్టెలకని చెప్పి అమ్మారు. ఆ రోజుల్లో జనం ఎన్ని రొట్టెలు తిన్నారో ఆ పైవాడికే తెలియాలి. (మా వైపు నల్లబెల్లం, పటిక కలిపి కొనేవాడు 'అరిసెలకండీ' అన్నట్టన్నమాట.) పోర్ట్‌లాండ్‌లో 1918లో పెట్టిన స్టైన్‌బార్ట్ వాళ్ళ హోంబ్రూ కొట్టు ఆ గండం గట్టెక్కింది కూడా. 1933లో నిషేధం ఎత్తేశాక ఇంట్లో వైను చేసుకోవచ్చన్నారు, బీరు సంగతి మర్చిపోయారు. ఆ మతిమరుపు దిద్దుకోవడానికి 45 ఏళ్ళు పట్టింది. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెడితే వయసొచ్చిన మనిషి ఒక్కడికి ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరున్న ఇంటికి 200 అన్నారు. మా ఆవిడ బీరు వాసన కూడా పడదంటుంది గానీ, ఆవిడ వాటా గాలన్లు చట్టం నాకే రాసిచ్చింది. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలైతే 2013 దాకా ససేమిరా అన్నాయి. ఇన్ని గండాలు దాటొచ్చిన కొట్లని తమరు ఒక్క వాక్యంతో పడగొట్టారు: '59 డాలర్లు దాటితే రవాణా ఉచితం.'

ఆ కొట్టాయన మీలా తియ్యగా మాట్లాడేవాడు కాదు. మన పచారీ కొట్లో శెట్టిగారు శొంఠి, పిప్పళ్ళు పొట్లం కట్టే ముందు 'ఎవరికి దగ్గు?' అని అడిగినట్టు, ఈయన మాల్టు తూచే ముందు 'ఏం కాస్తున్నావు?' అనేవాడు. అరపౌను చాలంటే అరపౌనే ఇచ్చి, అక్కడికక్కడే మిల్లులో నలిపిచ్చేవాడు. మీ దగ్గర అరపౌను దొరకదు. పౌను కొని, మిగిలింది మెత్తబడేదాకా గరాజ్‌లో దాచుకోవాలి.

మొదట్లో నేను కాచిన బీరంతా గాయానికి వేసే ప్లాస్టర్ వాసన కొట్టేది. నాలుగు వీడియోలు చూసి, మూడు రకాల ఈస్టులు మార్చి, కొత్త గిన్నె కూడా కొన్నాను, మీ ద్వారానే. చివరికి ఒక సీసా పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఒక్క గుక్క తాగాడు, మొహం చిట్లించలేదు, 'కుళాయి నీళ్ళా?' అన్నాడు. మునిసిపాలిటీ నీళ్ళలో కలిపే క్లోరిన్ చేసే పనట అది. ఆ క్లోరిన్‌ని విరిచే క్యాంప్‌డెన్ మాత్ర ఒకటి 20 గాలన్లకి సరిపోతుంది, నువ్వు కాచేది 5, కాబట్టి పావు ముక్క అన్నాడు. డబ్బా మూత తీసి, మాత్ర విరిచి, ఆ పావు ముక్క కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు. డబ్బులు? 'దీనికేం తీసుకోను, పో.' ఆ రోజు నేను ఇంటికెళ్ళి ఏం చేశానో మీకు తెలుసు. అవే మాత్రలు నూరు, రెండు డాలర్లు తక్కువకి, మీ దగ్గర ఆర్డరిచ్చాను.

పోయినేడు జూలైలో ఇంకో ముచ్చట. ద్రవం ఈస్టంటే బతికున్న సరుకు, ఫ్రిజ్‌లో ఉండాలి. టెక్సస్ ఎండలో మా అరుగు మీద దాన్ని మధ్యాహ్నమంతా ఉడకబెట్టి, 'చేర్చాం' అని ఫొటో తీసి పంపారు. ఆదివారం వర్టు (బీరుగా పులవబోయే మాల్టు కషాయం) కాచి చల్లార్చి ఆ ఈస్టు వేస్తే రెండు రోజులైనా బుడగ లేదు. బకెట్ వంక చూసి మా ఆవిడ 'దోసెపిండి నయం, రాత్రికి రాత్రే పొంగుతుంది' అంది. కొట్టుకి పరిగెత్తాను. ఆయన నా చేతిలోని ఖాళీ పాకెట్ చూశాడు, దాని మీద అంటించిన ఆన్‌లైన్ బిల్లు చూశాడు. ఏమీ అనలేదు. ఫ్రిజ్ తలుపు తీసి, ఒక పొడి ఈస్టు పాకెట్ ఇచ్చి, అయిదు డాలర్లు పుచ్చుకున్నాడు. ఆ అనకపోవడం ఇంకా నా చెవుల్లో ఉంది.

నేరమంతా మీదే అనను. ఆయన పుట్టేనాటికి దేశంలో బీరు కాచే కంపెనీలు వేళ్ళమీద లెక్కపెట్టేటట్టు తగ్గిపోతూ ఉండేవి, 1978 నాటికి నూరు కూడా లేవు. మంచి బీరు కావాలంటే ఇంట్లో కాచుకోవడమే దిక్కు. ఇప్పుడు తొమ్మిది వేలు దాటాయి. కాచినచోటే బీరు పోసే ట్యాప్‌రూమ్ సందుకొకటి ఉంటే ఆదివారం పూట ఆరుగంటలు గిన్నెలు తోముకునేవాడెవడు? కుర్రాళ్ళసలు తాగడమే తగ్గించారంటున్నారు. 2020లో ఇళ్ళల్లో కూర్చున్నప్పుడు అందరూ కాచారు, తలుపులు తెరవగానే సామాన్లు అటకెక్కించారు. అవన్నీ నిజమే. కానీ ఆ కారణాల్లో ఏదీ నా క్రెడిట్ కార్డు బిల్లులో కనబడదండీ. మీరే కనబడతారు.

మూసేస్తున్నారని తెలిసి వెళ్ళాను, 60 శాతం తగ్గింపు. ఎప్పుడూ చూడనంత మంది, కారు నిలపడానికి చోటు లేదు. అందరం ఒకరికొకరు 'అయ్యో' అనుకుంటూ బుట్టలు నింపుకున్నాం. తక్కెడ కూడా ఎవరో కొనేశారు. చివరి మాల్టు సంచీ ఆయన చేత్తోనే తూచి, అలవాటుగా 'ఏం కాస్తున్నావు?' అన్నాడు. తగ్గింపు చూసి కొంటున్నానే గానీ ఏం కాస్తానో నాకే తెలియదు.

ఇట్లు,
మీ బంగారు ఖాతాదారుడు

తా.క. నా కార్టులో ఇప్పుడు 55 డాలర్లున్నాయి. మీ గీతకి నాలుగు తక్కువ. ఏం కొనమంటారో త్వరగా చెప్పండి. రబ్బరు బిరడాలు మాత్రం వద్దు, ఇంట్లో పదకొండున్నాయి.