ఇంగ్లండ్‌లో అక్షరమే లేకపోతే థియోడర్ ఎవరికి పాఠాలు చెప్పాడు?

'మన నలందలో వేలమంది చదువుకుంటున్న రోజుల్లో ఇంగ్లండ్ వాళ్లకు అక్షరం ముక్క తెలియదు. బయటి ప్రపంచంతో సంబంధమే లేదు. ఉన్న చదువును చర్చి తొక్కిపెట్టింది. గ్రీకు, లెక్కలు, ఖగోళం వాళ్లకు వెయ్యేళ్ల తర్వాతే తెలిశాయి. మనుషులు ముప్పై ఏళ్లకే పోయేవాళ్లు. తగాదా వస్తే కత్తే తీర్పు.' ఈ అర్థం వచ్చే మెసేజ్ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. నలంద గొప్పతనం నిజమే. ఇంగ్లండ్ గురించి రాసింది మాత్రం చాలావరకు తప్పు. ఆ తప్పు తెలియడానికి ఒక్క మనిషి జీవితం చూస్తే చాలు. ఆయన పేరు థియోడర్, 668 నుంచి 690 దాకా కాంటర్‌బరీ ఆర్చిబిషప్, అంటే ఇంగ్లండ్ చర్చికి పెద్ద.

ముందుగా 'బయటి ప్రపంచంతో సంబంధం లేదు' అన్న మాట. థియోడర్ పుట్టింది తార్సులో. బైబిలు చదివేవాళ్లకు తెలిసిన ఊరే, పౌలు సొంత ఊరు, ఇప్పటి టర్కీలో ఉంది. ఆయన మాతృభాష గ్రీకు. మొదట పర్షియన్లు, తర్వాత అరబ్బులు ఆ ప్రాంతం మీద పడిన కాలం అది. చివరికి ఆయన రోమ్ చేరి అక్కడ సన్యాసిగా ఉన్నాడు. కాంటర్‌బరీ పదవికి ఎంపికైన విగ్‌హార్డ్ అనే ఆయన అభిషేకం కోసం రోమ్ వచ్చి అక్కడే ప్లేగుతో పోయాడు. ఆ పదవిని పోప్ విటాలియన్ హేడ్రియన్‌కు ఇస్తానన్నాడు. ఈ హేడ్రియన్ ఆఫ్రికా మనిషి, నేపుల్స్ దగ్గర ఒక మఠానికి పెద్ద. ఆయన తనకు వద్దని చెప్పి, చివరికి థియోడర్‌ను చూపించాడు. అయితే నువ్వూ తోడు వెళ్లాల్సిందేనని పోప్ షరతు పెట్టాడు. దారిలో ఫ్రాంకుల రాజ్యంలో, అంటే ఇప్పటి ఫ్రాన్స్ వైపు, హేడ్రియన్‌ను ఆపేశారు. కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి బ్రిటన్ రాజుల దగ్గరికి ఈయన్ని రహస్యంగా పంపుతున్నాడేమో అని వాళ్ల అనుమానం. ఎవరితోనూ సంబంధం లేని దీవి గురించి ఇలాంటి అనుమానం ఎవరికైనా వస్తుందా?

669 మేలో థియోడర్ కాంటర్‌బరీ చేరాడు. తర్వాత హేడ్రియన్ కూడా వచ్చి కలిశాడు. ఇద్దరూ కలిసి అక్కడ నడిపిన చదువు గురించి చెప్పుకోవాలి. బైబిలుతోపాటు ఛందస్సు, ఖగోళం, ఈస్టర్ తేదీ కట్టే లెక్క నేర్పేవాళ్లని ఇంగ్లండ్ చర్చి చరిత్ర రాసిన సన్యాసి బీడ్ రాశాడు. ఆ శిష్యుల్లో కొందరు ఇప్పటికీ ఉన్నారు, లాటిన్, గ్రీకు వాళ్లకు సొంత భాష వచ్చినంత బాగా వచ్చు అని కూడా రాశాడు. బీడ్ తన చరిత్ర పూర్తిచేసింది 731లో. అక్కడ చదివిన ఆల్డ్‌హెల్మ్ తాను రోమన్ న్యాయం, ఛందస్సు, గణితం, రాశిచక్రం నేర్చుకుంటున్నట్టు ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. తర్వాత లాటిన్ పద్యాల్లో వంద పొడుపుకథలు రాశాడు. థియోడర్ ఇక్కడ పాఠం చెబుతున్న ఏళ్లలోనే చైనా యాత్రికుడు ఇత్సింగ్ నలందలో చదువుకుంటున్నాడు. రెండూ ఒకే కాలంలో నడిచాయి. ఒకదాన్ని పొగడటానికి రెండోది లేదనాల్సిన పని లేదు.

ఆ తరగతి గది మాటలు కొన్ని మనకు మిగిలాయి కూడా. మిలాన్‌లోని ఒక రాతప్రతిలో ఆ పాఠాల వ్యాఖ్యలు ఉన్నాయని 20వ శతాబ్దంలో పండితులు గుర్తించారు. ఐగుప్తులో తిన్న కీరకాయలు, దోసకాయలు గుర్తొచ్చి ఇశ్రాయేలీయులు వాపోయే చోట ఆ వ్యాఖ్య ఏమంటుందంటే: ఎదెస్సా పట్టణంలో కాసే కాయలు ఎంత పెద్దవంటే, ఒక ఒంటె రెండింటిని మోయడమే కష్టం! ఎదెస్సా ఉన్నది సిరియా వైపు. అటువైపు తిరిగిన మనిషి చెప్పే మాటలా ఉంది ఇది. ఇంగ్లండ్ కుర్రాళ్లు దాన్ని శ్రద్ధగా రాసుకున్నారు. నాకు అన్నిటికంటే ఇష్టమైన సాక్ష్యం ఇదే.

ఇక చర్చి చదువును తొక్కిపెట్టిందన్నారు. ఈ బడి పెట్టిందే చర్చి. నడిపింది ఆర్చిబిషప్, మఠాధిపతి. వైద్యం మాట కూడా అక్కడ వినిపించేది. చంద్రుడు పెరుగుతూ, సముద్రం పోటు మీదున్నప్పుడు ఒంట్లోంచి రక్తం తీయడం ప్రమాదమని థియోడర్ చెప్పేవాడని బీడ్ చరిత్రలో ఉంది. ఇవాళ మనం దాన్ని వైద్యం అనం, నిజమే. కానీ అప్పట్లో మధ్యధరా తీరమంతటా నడిచిన వైద్యం ఇంచుమించు అలాంటిదే.

ఆ మెసేజ్‌లో నిజం బొత్తిగా లేదని అనను. 5వ శతాబ్దంలో రోమన్ పాలన పోయాక బ్రిటన్‌లో పట్టణాలు పాడుబడ్డాయి, చదువు సన్నగిల్లింది. థియోడర్ కాలంలో కూడా చదువు మఠాలు దాటి సామాన్యుల దాకా పోలేదు. తర్వాత వైకింగుల దాడుల్లో ఆ మఠాలు కూడా దెబ్బతిన్నాయి. తాను 871లో రాజయ్యేసరికి థేమ్స్ నదికి దక్షిణాన లాటిన్ తెలిసినవాడు ఒక్కడు కూడా గుర్తుకు రావడం లేదని ఆల్ఫ్రెడ్ రాజు బాధపడ్డాడు. అంటే చదువు ఒకప్పుడు వచ్చింది, నిలిచింది, పోయింది, మళ్లీ వచ్చింది. వెయ్యేళ్ల ఏకధాటి చీకటి అనే మాటలో ఈ ఎత్తుపల్లాలేవీ కనిపించవు.

ముప్పై ఏళ్ల ఆయుష్షు సంగతి త్వరగా తేలిపోతుంది. పసిపిల్లల చావులు ఎక్కువ కాబట్టి సగటు అంత తక్కువకు పడిపోతుంది. బతికి పెద్దయిన ప్రతివాడూ ముప్పైకే పోయాడని దానర్థం కాదు. థియోడర్ ఆర్చిబిషప్ అయింది 66 ఏళ్ల వయసులో, పోయింది 88వ ఏట.

చివరిది, 'కత్తే తీర్పు'. థియోడర్ హెర్ట్‌ఫర్డ్‌లో బిషప్పుల సభ పెట్టి, పది నియమాలు ఒక్కొక్కటే ముందుపెట్టి, అందరిచేతా ఒప్పించి సంతకాలు చేయించాడు. ఒక బిషప్ మరొకరి పరిధిలో తలదూర్చకూడదన్నది అందులో ఒకటి. ఆయన అందరికీ నచ్చాడని కాదు. ఉత్తరాన నార్తంబ్రియా రాజ్యంలో విల్‌ఫ్రిడ్ అనే బిషప్ పరిధిని థియోడర్ ముక్కలు చేస్తే, ఆ విల్‌ఫ్రిడ్ రోమ్ దాకా వెళ్లి ఫిర్యాదు చేశాడు. 679లో ట్రెంట్ నది దగ్గర నార్తంబ్రియా, మెర్సియా రాజ్యాలు తలపడ్డాయి. నార్తంబ్రియా రాజు ఎగ్‌ఫ్రిత్ తమ్ముడు ఆల్ఫ్‌వైన్ అందులో చనిపోయాడు. వయసు పద్దెనిమిదేళ్లు. అక్క మెర్సియా రాజు భార్య కావడంతో రెండు వైపులా అతనంటే ప్రేమే. అన్న పగ తీర్చుకుంటే రెండు రాజ్యాలూ తగలబడేవి. థియోడర్ మధ్యలోకి వెళ్లి మాట్లాడాడు. ప్రాణానికి ప్రాణం అడగలేదు. చట్టం ప్రకారం చెల్లించాల్సిన పరిహారం ఎగ్‌ఫ్రిత్‌కు అందింది. ఆ తర్వాత ఆ ఇద్దరు రాజుల మధ్య చాలాకాలం శాంతి నిలిచిందని బీడ్ రాశాడు.