సవరణ: వదులైన కీలుకు పొడవాటి స్క్రూ వద్దు

కిచెన్ కప్‌బోర్డ్ తలుపు కీలు ఊడుతుంటే పొడవాటి స్క్రూ వేయమని ఇంతకుముందు రాశాను. అది తప్పు, మన్నించండి. ఈ తలుపుల మందం సాధారణంగా 18 మి.మీ. మాత్రమే. 25 మి.మీ. స్క్రూ వేస్తే ముందువైపు పొడుచుకొచ్చి తలుపే పాడవుతుంది.

పాత స్క్రూనే వాడండి. అరిగిన రంధ్రంలో చెక్క జిగురు పోసి, మందు తీసేసిన అగ్గిపుల్లలు బిగుతుగా దూర్చండి. ఒకరోజు ఆరనిచ్చి, పైకి మిగిలిన ముక్కలు కోసేసి, స్క్రూను చేత్తోనే బిగించండి. డ్రిల్ మెషీన్‌తో తిప్పితే, ముఖ్యంగా పార్టికల్ బోర్డులో (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పలకలో), రంధ్రం మళ్లీ అరిగిపోతుంది.

నీళ్లు తగిలి ఉబ్బిన బోర్డుకు మాత్రం ఇది పనిచేయదు. అక్కడ కీలును కాస్త పైకో కిందికో, గట్టిగా ఉన్నచోటికి మార్చాల్సిందే.