గెట్టు తేల్చేది తెర మీది అంకె కాదు

అడవిలో సాగయ్యే పోడు భూముల సర్వేకి చేతి జీపీఎస్ కొనాలనగానే మన దగ్గర ముందు ధర చూస్తారు, తర్వాత తెర ఎంత పెద్దదో చూస్తారు. అలా కొన్న యంత్రం అడవిలోకి వెళ్లాక ఎవరి పొట్ట కొడుతుందో మాత్రం అడగరు. వాగు వెంట సన్నగా సాగే పోడు చెక్క ఒకటి అనుకోండి, వెడల్పు 20 మీటర్లు. రెండు వైపులా రీడింగు ఐదేసి మీటర్లు లోపలికి జరిగితే పట్టాలోకి ఎక్కేది సగం భూమే. చేతి జీపీఎస్‌కి ఐదు మీటర్ల తేడా పెద్ద తప్పేమీ కాదు, మామూలే.

అడవి భూమి సాగు చేసుకునేవారికి హక్కు ఇచ్చే 2006 అటవీ హక్కుల చట్టం, పట్టాకు నాలుగు హెక్టార్ల పరిమితి, 2005 డిసెంబర్ 13కి ముందు నుంచే సాగులో ఉండాలన్న గడువు, 2020లో ఆంధ్రప్రదేశ్‌లో, 2023లో తెలంగాణలో జరిగిన పట్టాల పంపిణీ అందరికీ తెలిసినవే. పట్టాలో రాసిన విస్తీర్ణాన్ని దేనితో, ఎలా కొలిచారన్నదే నా గొడవ.

యంత్రం తెర మీద తేడా ‘3 మీటర్లు’ అని కనబడగానే సిబ్బంది నమ్మేస్తారు. అది ఎవరో టేపు పట్టి కొలిచింది కాదు, యంత్రం తన గురించి తాను వేసుకున్న అంచనా. టేకు ఆకుల కింద, గుట్ట వారన ఉపగ్రహ సిగ్నల్ నేరుగా రాదు. కొమ్మలకో బండకో తగిలి ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యాన్ని యంత్రం అదనపు దూరం కింద లెక్కేసుకుంటుంది, తెర మీద అంకె మాత్రం చాలాసార్లు చక్కగానే ఉంటుంది. అనుమానముంటే ఒకే హద్దురాయి మీద పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి యంత్రం పెట్టి, రెండు రీడింగుల మధ్య దూరం చూడండి.

అందుకే నా మాట ఒకటే: అడవిలో హద్దులు వేయడానికి రెండు ఫ్రీక్వెన్సీలు అందుకునే యంత్రమే కొనాలి. ఉపగ్రహాలు పంపే ఎల్1 ఫ్రీక్వెన్సీతో పాటు ఎల్5 అనే రెండోది కూడా అందితే, నేరుగా వచ్చిన సిగ్నల్‌నీ తగిలి వచ్చినదాన్నీ విడదీయడం తేలికవుతుంది. గార్మిన్ కంపెనీ ఈట్రెక్స్ 10 లాంటి చవక యంత్రాలకు ఆ సౌకర్యం లేదు. 2020లో వచ్చిన గార్మిన్ జీపీఎస్‌మ్యాప్ 65 తరగతికి ఉంది. పైగా దానికి మీటలుంటాయి, చెమట చేత్తోనూ నొక్కొచ్చు. రెండు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది, గూడెం కిరాణా కొట్లో దొరికేవే. ఇక ప్రతి మూల దగ్గరా సగటు తీసే పద్ధతి తప్పనిసరి చేయాలి. ఒక మూలకు నాలుగు నుంచి ఎనిమిది రీడింగులు, ఒక్కోదానికీ మధ్య కనీసం గంటన్నర ఎడం ఉండాలని గార్మిన్ మాన్యువలే చెబుతుంది. నడుస్తూ నడుస్తూ గెట్టు చుట్టేసి పది నిమిషాల్లో ‘సర్వే పూర్తి’ అనడానికి ఇక వీలుండదు.

ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకంటారు. 2018 నుంచి కొన్ని ఫోన్లలోనూ ఎల్5 ఉంది, నిజమే. చెరువులు, తోటలు గుర్తించడానికి ఫోన్ చాలు. కానీ వానలో తడిసిన తెర వేలి మాట వినదు, బ్యాటరీ సాయంత్రం దాకా ఆగదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఉద్యోగి ఫోన్‌లోని యాప్‌లో పడిన గీత నేరుగా సర్వర్‌కి పోతుంది. గెట్టు మీద నిలబడ్డ రైతు చేతికి ఏమీ రాదు.

అసలు విషయం అక్కడే ఉంది. అటవీ హక్కుల నిబంధనల్లో 12ఎ(11) సూటిగా చెబుతుంది: ఉపగ్రహ చిత్రాలైనా, మరే సాంకేతికతైనా మిగతా ఆధారాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదు. కానీ ఊళ్లో జరిగేది తలకిందులు. పెద్దలు చూపించిన ఇప్పచెట్టు, కట్టిన రాతి కట్ట, మూడు తరాల సాగు, అన్నీ ‘జీపీఎస్‌లో రాలేదు’ అన్న ఒక్క మాట ముందు ఓడిపోతున్నాయి. గుజరాత్‌లో శూల్‌పాణేశ్వర్ అభయారణ్యం గ్రామాల్లో ఆర్చ్ వాహిని అనే స్వచ్ఛంద సంస్థ సాయంతో గూడెం యువకులే జీపీఎస్ పట్టుకుని గెట్లు నడిచి, ఆ గీతల్ని ఉపగ్రహ చిత్రాల మీద పరిచి చూపించారు. యంత్రం ఊరి చేతిలో ఉంటే తోడుగా ఉంటుంది. ఆఫీసు చేతిలో మాత్రమే ఉంటే తీర్పరి అవుతుంది.

కాబట్టి యంత్రాల టెండరులో, సర్వే ఉత్తర్వులో ఈ షరతు కూడా పెట్టాలి: కొలిచిన రోజే, సిబ్బంది గెట్టు దిగకముందే, కొలిచిన గీత ఉండే జీపీఎక్స్ ఫైలు ఊరి అటవీ హక్కుల కమిటీ సభ్యుల ఫోన్లలోకి ఎక్కాలి, ఆ గీతను గ్రామసభలో గోడ మీద వేసి చూపించాలి, ఆ తర్వాతే సంతకాలు.