సూది వేస్తేనే డబ్బులా?

గాలికుంటు టీకా తయారయ్యేది హైదరాబాద్ గచ్చిబౌలిలో. గొర్రెలు, మేకల టీకాలు తయారు చేసే ప్రభుత్వ సంస్థ వీబీఆర్‌ఐ ఉన్నది శాంతినగర్‌లో. పశు వైద్య విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్‌లో. 2019 పశుగణన ప్రకారం 1.90 కోట్ల గొర్రెలతో దేశంలో మొదటి స్థానం తెలంగాణది. అయినా రాత్రిపూట మేక ఈనలేక అవస్థ పడుతుంటే పిలవడానికి ఊళ్లో మనిషి దొరకడు. 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశు వైద్య వాహనాలు 2017 నుంచి ఉన్నాయి గానీ, నియోజకవర్గానికి ఒక్కటి. దాని కింద ఎన్ని ఊళ్లు ఉంటాయో చెప్పక్కర్లేదు.

అందుకే ఊరి మనిషికే, ముఖ్యంగా మహిళా సంఘం సభ్యురాలికే, ప్రాథమిక పశు వైద్యం నేర్పాలంటున్నారు. మంచి ఆలోచనే, కొత్తది మాత్రం కాదు. 1992లో మొదలైన ఆంత్ర సంస్థలో మహిళా పశు వైద్యులు ఇదే పని చేశారు. ఉమ్మడి రాష్ట్రంలో, పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలు వచ్చారు. ఆ తర్వాత పశుమిత్రలు, పశుసఖులు, 2022లో కేంద్రం తెచ్చిన ఎ-హెల్ప్ పథకం. పేర్లకు కొదవ లేదు, శిక్షణకూ పెద్ద లోటు లేదు. శిక్షణ అయిపోయిన మర్నాటి నుంచి ఆమె దేని మీద బతకాలన్నదే ఎవరూ సరిగ్గా తేల్చలేదు.

జబ్బు చేసిన గేదెకు సూది వేస్తే రైతు మారుమాట లేకుండా డబ్బు తీసిస్తాడు. ఆరోగ్యంగా మేస్తున్న మేకకు టీకా వేస్తే ఎందుకిస్తాడు? పైగా టీకా సర్కారు ఉచితంగా ఇస్తోందని అతనికీ తెలుసు. అంటే ఊరికి ఎక్కువ మేలు చేసే పనికి కూలి లేదు, ఎక్కువ ప్రమాదమున్న పనికి ఉంది. కొన్నాళ్లకు ఆమె సంచిలో నట్టల మందు తగ్గి యాంటీబయోటిక్ సీసాలు పెరిగితే తప్పు ఆమెదనలేం.

పశు వైద్యుల సంఘాలు 'నకిలీ వైద్యం' అని అభ్యంతరం చెబితే అది తమ వృత్తిని కాపాడుకోవడానికేనని కొట్టిపారేయడం మనకు అలవాటు. కానీ ఆ అభ్యంతరంలో సగం నిజముంది. యాంటీబయోటిక్ వేసిన పశువు పాలు కొన్ని రోజులు అమ్మకూడదు. ఆ మాట రైతుకు చెప్పేదెవరు? ఆ పాలు వచ్చేది మన నగరానికే. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకోవాల్సిన యాంటీబయోటిక్ కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు వాడకుండా 2019లో కేంద్రం నిషేధించాల్సి వచ్చింది.

చట్టం ఈ గీత ముందే గీసింది. 1984 నాటి భారత పశు వైద్య మండలి చట్టం ప్రకారం టీకాలు, మగ పశువులకు విత్తులు కొట్టడం, గాయాలకు కట్టు కట్టడం లాంటివి 'చిన్నపాటి సేవలు'. వాటిని డాక్టరు కాని వారు కూడా చేయొచ్చు. అయితే తగిన సర్టిఫికెట్ ఉండాలి, రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి, రిజిస్టరైన డాక్టరు పర్యవేక్షణ ఉండాలి. శిక్షణ ముగింపు సభలో చేతికిచ్చే కాగితం దీనికి సరిపోదు.

ఆ గీత లోపలే చేతినిండా పని ఉంది. మేకలను ఊళ్లకు ఊళ్లు ఊడ్చేసే పారుడు రోగాన్నే, అంటే పీపీఆర్‌నే తీసుకోండి. టీకా ఒక్కసారి వేస్తే కనీసం మూడేళ్లు కాపాడుతుంది. కానీ అది పొడి రూపంలో వస్తుంది. సీసాకు యాభయ్యో వందో డోసులు. ద్రావకంలో కలిపాక ఐసులో పెట్టుకుని గంటా రెండు గంటల్లో వాడేయాలి. నాలుగు మేకలున్న ఇంటి కోసం సీసా విప్పితే మిగతాదంతా పారబోయాల్సిందే. కాబట్టి మందలు మేతకు కదలకముందే, తెల్లవారుజామున, ఊరి జీవాలన్నిటినీ ఒకచోటికి చేర్చాలి. ఎవరింట్లో ఎన్ని ఉన్నాయో, ఏ మేక చూడిదో తెలిసి, ముందురోజు గడప గడపకూ తిరిగి చెప్పగల మనిషి కావాలి. మండల కేంద్రం నుంచి వచ్చే డాక్టరుకు అది సాధ్యం కాదు. పెరటి కోళ్లకు కొక్కెర తెగులు టీకా సంగతీ ఇంతే. అది ఎవరి లెక్కలోకీ రాదు, ఎందుకంటే ఆ కోళ్లు ఆడవాళ్లవి.

అన్ని టీకాలూ ఆమెకు అప్పగించమనడం లేదు. పెయ్యలకు వేసే బ్రూసెల్లా టీకాలో బతికున్న సూక్ష్మజీవి ఉంటుంది, పొరపాటున సూది చేతికి గుచ్చుకుంటే మనిషికే జబ్బు. అది డాక్టరు చేయాల్సిన పనే.

నా ఉద్దేశంలో టీకా పడిన ప్రతి జీవానికీ ఇంత అని ప్రభుత్వమే ఆమెకు చెల్లించాలి. చెవి పోగులో 12 అంకెల నంబరు, దానికి ఆన్‌లైన్ నమోదు ఉండగా లెక్క తేలదనడం కుంటిసాకు. జబ్బు చూసి ఫలానాదని డాక్టరుకు ఫోన్ చేసినందుకూ కొంత ఇవ్వాలి. యాంటీబయోటిక్ వేసినందుకు మాత్రం ఏమీ ఇవ్వకూడదు. గొర్రెల పంపిణీకి 75 శాతం సబ్సిడీ ఇచ్చిన రాష్ట్రానికి ఇది పెద్ద ఖర్చేమీ కాదు.

ఈ పద్ధతికి లొంగనివి వలస మందలు. గొర్రెలకు వచ్చే చిటుక రోగం టీకా తొలకరికి ముందే పడాలి. కొత్త పచ్చిక మేయడం మొదలుపెట్టాక వేస్తే ఆలస్యమే. ఆ సమయానికి మంద ఏ జిల్లాలో ఉంటుందో ఊళ్లో ఉన్న పశుసఖికి తెలియదు. అక్కడ నేర్పాల్సింది ఆమెకు కాదు, మందతో నడిచే కాపరికి. అతనికి ఐసు డబ్బా, టీకా దారిలో ఏ ఊరి పశు వైద్యశాలలో అడిగినా 'మీది మా మండలం కాదు' అనకుండా ఇవ్వాలి.