గ్రాఫిక్స్ కార్డుకూ సెలవు కావాలి

శ్రమ దోపిడీ మీద గొంతు చించుకునే మేధావులకు గేమింగ్ కంప్యూటర్‌లో బిగించిన విడిభాగాల గోడు పట్టదు. ఇంట్లో సొంతంగా బిల్డ్ చేసుకునేవాళ్ళలోనే దయామయులున్నారు. కొన్న వస్తువు చేత పని చేయించకుండా కాపాడుకునే వారి పద్ధతులను లోకానికి తెలియజేయాల్సిందే.

అన్నిటికన్నా ఘనమైన సెలవు, గేమ్ బొమ్మలు గీయాల్సిన గ్రాఫిక్స్ కార్డుది. మూడు ఫ్యాన్ల కార్డు తెచ్చి, పై స్లాట్‌లో క్లిక్‌మనేదాకా నొక్కి, స్క్రూలు బిగించి, పవర్ కేబుల్ ఇచ్చి, చివరికి మానిటర్ కేబుల్‌ను మాత్రం కార్డుకు కాకుండా మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి తగిలించాలి. ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉంటే చాలా బోర్డుల్లో బొమ్మ వచ్చేస్తుంది. గేమ్ కాళ్ళీడుస్తుంటే, పక్కనే కార్డు ఫ్యాన్ కూడా తిప్పకుండా కునుకు తీస్తుంది. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌తో ఈ వీలు లేదు. అందులో గ్రాఫిక్స్ ఉండవు కనుక తెర నల్లబడి గుట్టు రట్టవుతుంది.

ర్యామ్‌కు సగం సెలవు. ఒకే 16 జీబీ స్టిక్ కొంటే ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య ఉన్న రెండు దారుల్లో ఒకటి మూతబడుతుంది. రెండు 8 జీబీలు కొన్న ఆశపోతులు దిగులుపడనక్కర్లేదు, పక్కపక్క స్లాట్లలో పెడితే చాలా బోర్డుల్లో అదే ఫలితం. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో పెట్టమని మాన్యువల్ మొత్తుకుంటుంది గానీ, దాని కవరు విప్పిందెవరు? డబ్బా మీద వేగం 6000 అని ఉన్న డీడీఆర్5 రకం ర్యామ్ కూడా బయోస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లో, ఎక్స్‌ఎంపీయో ఎక్స్‌పోనో అనే వేగం సెట్టింగు ఆన్ చేసేదాకా సాధారణంగా 4800 దగ్గరే తీరిగ్గా నడుస్తుంది. సెకనుకు 165 సార్లు బొమ్మ మార్చగల 165 హెర్ట్జ్ మానిటర్‌దీ ఇదే భోగం. విండోస్ చాలాసార్లు దాన్ని 60లోనే కూర్చోబెడుతుంది. విండోస్ సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్ళి దాని ప్రశాంతత చెడగొట్టే పాపం మనకెందుకు.

ప్రాసెసర్‌కు దొరికేది జ్వరం సెలవు. కూలర్ అడుగున, బిగించే ముందు తీసేయమని రాసి మరీ, ఒక ప్లాస్టిక్ పొర అంటిస్తారు. దాన్ని అలాగే ఉంచి, వేడిని కూలర్‌కు చేరవేయడానికి బఠాణీ గింజంత చాలిన పేస్టును ట్యూబు ఖాళీ అయ్యేదాకా పూస్తే, వేడి పైకి అందదు. ఉష్ణోగ్రత 95 డిగ్రీలకో 100కో చేరగానే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది.

ఈ దయకు నోచుకోనిది పవర్ సప్లై ఒక్కటే. బడ్జెట్ అయిపోయాక మిగిలిన చిల్లరతో వచ్చేదీ అదే, అందరి బరువూ మోసేదీ అదే. కనుక అది ఏదో ఒకరోజు చెప్పాపెట్టకుండా మానేస్తుంది, పోతూపోతూ ఒక్కోసారి బోర్డునూ వెంట తీసుకుపోతుంది. కేబుళ్ళు ఊడదీసి తగిలించుకునే కొత్త మాడ్యులర్ సప్లైకి పాతదాని కేబుళ్ళు తగిలించేవాళ్ళూ ఉన్నారు. డ్రైవ్ వైపు కొన ఒకటే, కానీ సప్లై వైపు పిన్నుల వరుస కంపెనీకో తీరు, ఒక్కోసారి మోడల్‌కో తీరు. 5 వోల్టులు వెళ్ళాల్సిన చోటికి 12 వెళ్తే హార్డ్ డిస్క్‌కు దొరికేది సెలవు కాదు, పదవీ విరమణ. (ఇక్కడ మాత్రం వేళాకోళం లేదు. సప్లై మారిస్తే కేబుళ్ళన్నీ మార్చండి.)

ఇన్ని సెలవులిచ్చిన చేత్తోనే జరిగే అన్యాయం ఒకటుంది. డీడీఆర్5 సిస్టమ్‌ను మొదటిసారి ఆన్ చేయగానే బోర్డు ర్యామ్‌కు సరిపడే టైమింగుల కోసం వెతుక్కుంటుంది. ఏఎండీ ప్రాసెసర్లకు వాడే ఏఎం5 బోర్డుల్లో ఇందుకు కొన్ని నిమిషాలు పట్టొచ్చు, ర్యామ్ ఎక్కువైతే ఇంకాసేపు. అంతవరకూ తెర నల్లగానే ఉంటుంది, బోర్డు మీద ర్యామ్ గురించి చెప్పే డీర్యామ్ లైటు మాత్రం వెలుగుతుంటుంది. సిస్టమ్ నిజంగా ఒళ్ళొంచి పనిచేస్తున్న ఆ కాసేపూ యజమాని చెయ్యి ఊరుకోదు. చచ్చిపోయిందనుకుని స్విచ్ ఆపుతాడు, మళ్ళీ వేస్తాడు. బోర్డు మళ్ళీ మొదటినుంచీ మొదలుపెడుతుంది. మూడోసారి ఆపాక, బోర్డు వాపసు పంపడానికి డబ్బా ఎక్కడ పెట్టాడో వెతుకుతుంటాడు.